అరటిపండు స్విచ్

ఆ ఆదివారం నేను చేయాల్సిన పని ఒక్కటే. మూడు గేముల్లో ఒకదాన్ని ఎంచుకోవడం.

నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. ముందు గదిలో నవ్వుతూ ఫ్రేములు చూపించే అమ్మాయిని కాదు. వెనక గదిలో మిషన్ ముందు కూర్చుని, అద్దాలను ఫ్రేముకి సరిపడా అరగదీసే మనిషిని. ఎందరి చూపో నా చేతుల మీదుగా పోతుంది గానీ, వాళ్లెవరూ నన్ను చూడరు. ఇంటికొచ్చాక సరదాకి కంప్యూటర్ గేములు తయారుచేస్తాను. ఇంతవరకు రెండు పూర్తిచేసి నెట్‌లో పెట్టాను. మొదటిదాన్ని మా అక్క ఆడింది. రెండోదాన్ని అక్క కూడా ఆడలేదు. అడవి గాచిన వెన్నెల అంటారు చూడండి, అదన్నమాట.

అందుకే ఈసారి గట్టిగా అనుకున్నాను. ఇదే ఆఖరిది. దీన్నీ ఎవరూ ముట్టుకోకపోతే ఇక ఈ పిచ్చి కట్టిపెట్టేస్తాను. పైకి సరదా అంటాను గానీ, నిజం చెప్పాలంటే నాకు కావలసింది ఇంతే, నాతో ఎవరైనా ఆడాలి.

మూడు ఆలోచనలకీ చిన్న చిన్న నమూనాలు చేసిపెట్టుకున్నాను. ఒకటి కళ్లద్దాల షాపు. మసకగా కనిపించే మనుషులకు సరైన అద్దం వెతికిపెట్టాలి. రెండోది డాబా మీద మొక్కలు పెంచే గేము. మూడోది దాగుడుమూతలు. ఆడేవాళ్లు ఒక ఇంట్లో దాక్కుంటారు, దొంగ వచ్చి వెతకాలి. కొత్త ఇంటిని ఊహించే ఓపిక లేక నేనుండే ఇంటినే దింపేశాను. హాలు, వంటగది, పడకగది, బాల్కనీ, ఆఖరికి నా బల్లా కుర్చీతో సహా. దొంగకి ఇంకా రూపం గీయలేదు. నిలువెత్తు బూడిదరంగు దిమ్మ, అంతే. మొహం లేదు. లెక్కపెట్టే గొంతు మాత్రం నాది. ఒకటి నుంచి పది దాకా మైకులో చెప్పి రికార్డు చేశాను.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. షాపు గేమే చెయ్యమని కొన్నాళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. దాగుడుమూతలు అనగానే పకపకా నవ్వింది.

"నీకెందుకే దాగుడుమూతలు? చిన్నప్పుడు నువ్వు ఆటలో అరటిపండువి కదా."

ముద్దుగానే అంది. నిజం కూడాను. మా వీధి పిల్లలందరిలోకీ నేనే చిన్నదాన్ని. ఏడుస్తానని ఆటలోకి రానిచ్చేవాళ్లు గానీ లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. దొరికినా నన్ను దొంగని చేసేవాళ్లు కాదు. కొన్నాళ్లకి వెతకడమే మానేశారు. నేను పెరట్లో తుప్పు పట్టిన నీళ్ల డ్రమ్ము వెనక ముడుచుకుని, అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. పక్కనుంచే పరిగెత్తుకుపోయేవాళ్లు. చివరికి నేనే చిన్నగా దగ్గేదాన్ని, ఇక్కడున్నానని తెలియాలని. అయినా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ దగ్గు సంగతి నేను అక్కకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఫోన్ పెట్టేసేసరికి వాన పట్టుకుంది. షాపు గేము ఆడి చూశాను, రోజూ చేసే పనిలాగే అనిపించింది. మొక్కల గేము ఆడుతుంటే ఆవులింతలు వచ్చాయి. బయట చీకటి పడుతోంది. లేచి లైటు వేయడానికి బద్ధకించి, స్క్రీన్ వెలుగులోనే మూడోదాన్ని తెరిచాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గేము తయారుచేసేటప్పుడు దొంగ మాటిమాటికీ వచ్చి పట్టేసుకుంటే పని సాగదు. అందుకని, నా బొమ్మ ఎదురుగా నిలబడ్డా దొంగ పట్టించుకోకుండా ఒక స్విచ్ పెట్టుకున్నాను. దానికి 'అరటిపండు' అని పేరు పెట్టాను. అది వేసి ఉన్నంతసేపూ నేను ఆటలో ఉంటాను, లెక్కలో ఉండను. మొదటి రోజు నుంచీ అది వేసే ఉంది.

ఆ సాయంత్రం దాన్ని తీసేశాను. ఎంచుకునే ముందు ఒక్కసారైనా నిజంగా ఆడి చూద్దామనిపించింది.

నా బొమ్మని వంటగదిలో గట్టు కింద అలమరలో దాచాను. నా గొంతే పది దాకా లెక్కపెట్టింది. బూడిదరంగు దిమ్మ కదిలింది. హాలంతా తిరిగింది. వంటగదిలోకొచ్చి సరిగ్గా అలమర ముందే ఆగింది. తలుపు తీస్తుందని చూశాను. తియ్యలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కోడ్‌లో ఎక్కడో పొరపాటు చేసుంటానని విసుక్కున్నాను.

దిమ్మ పడకగదిలోకి వెళ్లింది. బల్ల దగ్గరికి నడిచింది. ఖాళీ కుర్చీ వెనక నిలబడింది.

మళ్లీ కదల్లేదు.

ఆ కుర్చీలోనే నేను కూర్చుని ఉన్నాను. ఇక్కడ. ఈ గదిలో.

మెడ వెనక చల్లగా తగిలింది. కిటికీ మూసే ఉంది. ఎక్కడినుంచో తుప్పు వాసన... నిలవ నీళ్ల వాసన. ఎన్నేళ్లయినా మరిచిపోలేని వాసన. తల తిప్పి చూసే ధైర్యం లేక ల్యాప్‌టాప్ టప్పున మూసేశాను.

గది చీకటైపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు హాల్లోంచి నా గొంతు వినిపించింది.

"ఒకటి..."

మూసిన ల్యాప్‌టాప్ నా చేతి కిందే ఉంది.

"రెండు... మూడు..."

తొందర లేదు. పెద్దవాళ్లు పిల్లలతో ఆడేటప్పుడు దాక్కోవడానికి సమయమిస్తూ లెక్కపెడతారే, అలా. నేను నన్ను సముదాయించుకున్నాను. ఏదో ఇరుక్కుపోయి పాత రికార్డింగే మోగుతోంది. పది అవగానే ఆగిపోతుంది. ఉన్నదే పది దాకా.

"తొమ్మిది... పది."

ఆగింది. ఊపిరి పీల్చుకున్నాను.

"పదకొండు..."

బయటికి పారిపోవాలంటే హాలు దాటాలి. అలా ఆలోచిస్తూనే, ఎప్పుడు లేచానో ఎప్పుడు దూరానో తెలియదు, బీరువాకీ గోడకీ మధ్య సందులో ముడుచుకుని కూర్చున్నాను. మోకాళ్ల మధ్య తల దూర్చి. డ్రమ్ము వెనక కూర్చున్నట్టే.

లెక్క ఆగింది. తడి కాళ్ల అడుగులు...

వంటగదిలో అలమర తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బాల్కనీ గడియ కదిలింది. తర్వాత పడకగది. అడుగులు బీరువా ముందుకొచ్చి ఆగాయి. తుప్పు వాసన ముక్కుపుటాలకి తగిలింది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

చాలాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత అడుగులు వెనక్కి మళ్లాయి. హాల్లోకి వెళ్లాయి. వీధి తలుపు గడియ మెల్లగా జరుగుతున్న చప్పుడు.

వెళ్లిపోతోంది.

బతికాను అనుకోవాలి. అనుకోలేదు. నాలో లేచింది భయం కాదు, పాత దుఃఖం. ఇది కూడా నన్ను వెతకడం మానేసింది. ఇంత దగ్గరికొచ్చి, ఇది కూడా...

నేను దగ్గాను.

నిజంగా వచ్చిన దగ్గు కాదు. చిన్నగా, కావాలని.

గడియ చప్పుడు ఆగిపోయింది. అడుగులు తిరిగొచ్చాయి. ఈసారి ఎక్కడా వెతకలేదు, తిన్నగా వచ్చాయి. నా నడినెత్తి మీద ఒక అరచెయ్యి పడింది. తడిగా, చల్లగా. మరీ చిన్నది. పసిపిల్ల చెయ్యి. చెవి దగ్గర గుసగుస.

"నువ్వే దొంగ."

కిలకిలా నవ్వుకుంటూ చిన్న పాదాలు పరిగెత్తాయి.

తెల్లారాక లేచి చూశాను. వీధి తలుపుకి లోపల గడియ పెట్టినట్టే ఉంది. గేము తెరిస్తే బూడిదరంగు దిమ్మ ఏ గదిలోనూ లేదు. ఎంత వెతికినా కనిపించలేదు. ఏది ఎంచుకున్నావని అక్క ఫోన్ చేసి అడిగితే దాగుడుమూతలే అన్నాను. గొంతు అదోలా ఉందేమిటని అడిగింది. జలుబన్నాను. తన దగ్గరికి వచ్చి నాలుగు రోజులుండమంది. వెళ్లాలనే అనుకున్నాను.

వెళ్లలేకపోయాను. ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, బీరువా వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది. మర్నాడూ వినిపించింది. ఆ మర్నాడూ. ఆ దగ్గుకి అర్థం నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎంత భయమేసినా, ఎవరూ వెతక్కుండా ఎదురుచూడటం ఎలా ఉంటుందో తెలిసి కూడా చెవులు మూసుకుని కూర్చోవడం నావల్ల కాలేదు.

నిన్న ఇంట్లో లైట్లన్నీ వేశాను. హాల్లో గోడకి నుదురు ఆనించి, కళ్లు మూసుకుని పది దాకా లెక్కపెట్టాను. నా గొంతు ఎంత వణికినా మధ్యలో ఆపలేదు. పది అన్నాక, ఎప్పటిలాగే బీరువా వెనక చిన్న దగ్గు. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. వస్తున్నానని చెప్పి అటు అడుగు వేశాను.

అప్పుడు వంటగదిలో, ఆ రోజు గేములో నా బొమ్మని దాచిన గట్టు కింద అలమరలోంచి ఇంకో దగ్గు వినిపించింది. అది పిల్లల దగ్గు కాదు.