తడపని దుమ్ము

చనిపోయిన సర్వేయర్ టిఫిన్ డబ్బాలో తిండి లేదు. ఒకదానిలో ఒకటిగా రెండు ప్లాస్టిక్ సంచులు, వాటిలో బొటనవేలంత తెల్లటి ముక్క. సంచుల మూతి టేపుతో బిగించి ఉంది.

"లిఫ్టు గుంతలో పడిపోయాడట. రిపోర్టులో అలా రాశారు," అన్నాడు చీఫ్, డబ్బాను బల్ల మీద ముందుకు జరుపుతూ. "పాత బిల్డింగుల్లో ఆస్బెస్టాస్ వెతకడమే అతని పని. చీకట్లో కూడా అడుగు చూసి వేసే మనిషి. తోసేశారు."

ఎదుట కూర్చున్న ఏజెంటు ఆ ముక్కను ముట్టుకోలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని తూకం అంటారు. మనిషినైనా మాటనైనా మనసులో తూచుకోనిదే నోరు విప్పడు.

"మిషన్ పేరు?"

"తడిగుడ్డ. గొంతు కోసేది మాత్రం వాళ్లు. విదేశీ ముఠా, లీడర్ గడ్డం దొర. ఆస్బెస్టాస్ ఉన్న బిల్డింగ్ కూల్చాలంటే చట్టం ఏమంటుంది? ముందు దాన్ని తీసేయాలి. లైసెన్సున్న వాళ్లు గదిని ప్లాస్టిక్‌తో మూసి, తడిపి, ముక్క విరగకుండా తీసి, జంట సంచుల్లో కట్టి పంపాలి. నెలలు పడుతుంది. వీడు వారంలో క్లీన్ సర్టిఫికెట్ ఇస్తాడు. ల్యాబ్ కూడా వాడిదే. బిల్డింగ్ కూలాక సాక్ష్యం ఎక్కడుంటుంది? జనం ఊపిరితిత్తుల్లో."

"తర్వాతి బిల్డింగ్?"

"పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజ్. గోడ అవతలే పిల్లల బడి. ఎప్పుడు కూలుస్తారో తెలియదు. ల్యాబ్‌లో నీలి స్కార్ఫ్ అని మన మనిషి ఉంది, ఆమె చెబుతుంది."

"మన మనిషేనా సార్?"

"మన జీతమూ తీసుకుంటుంది, వాళ్ల జీతమూ తీసుకుంటుంది," అని చీఫ్ నిట్టూర్చాడు.

తూకం డబ్బాకు మూత పెట్టాడు. అతని అన్న బతుకంతా బాయిలర్ పైపులకు తెల్లటి ఆస్బెస్టాస్ పట్టీలే చుట్టాడు. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడక కుర్చీలోనే కునుకు తీస్తాడు. పీల్చిన రోజున తుమ్ము కూడా రాలేదు. సరుకు ఇవాళ అంటగట్టి, బిల్లు ముసలితనంలో పంపే వ్యాపారం అది. ఆ వ్యాపారి మొహం ఒక్కసారి దగ్గర నుంచి చూడాలని తూకానికి చాలా ఏళ్లుగా ఉంది.

మర్నాడు ఉదయం ఎక్స్ఛేంజ్ గేటు దగ్గర పాత ఇనుము కొనే సేటు దిగాడు. బుర్ర నిండా టోపీ, ఛాతీ దాకా పెట్టుడు గడ్డం, చేతిలో క్యారియర్. క్యారియర్ అడుగు గిన్నెలో చిన్న పంపు గాలిని పీల్చి, అందులోని దుమ్మును సాక్ష్యానికి ఫిల్టర్ మీద పట్టి ఉంచుతోంది. చొక్కా పై గుండీ మైకు.

లోపల అడుగు పెట్టగానే అతనికి ఒళ్లు మండిపోయింది. మెట్ల కింద ఒకతను గునపంతో పైపుల తొడుగు పొడుస్తున్నాడు. ముక్కలు పొడిపొడిగా రాలుతున్నాయి. నీళ్ల చుక్క లేదు. మూతికి చెమట తువ్వాలు తప్ప అడ్డం లేదు. అతని భార్య రాలినదాన్ని చీపురుతో ఊడుస్తోంది. కిటికీ ఎండలో దుమ్ము మెరుస్తోంది.

"సేటూ, అవతలికి జరుగు. నీ గడ్డం ఇప్పుడే నెరిసిపోద్ది," అని నవ్వింది ఆమె.

"ఏంటమ్మా ఈ దుమ్ము?"

"సున్నమంట. మేస్త్రీ చెప్పాడు. ఒంటికి మంచిదేనంట!"

"మేస్త్రీ ఎక్కడ?"

"ఆయన లోపలికి రాడు. దుమ్ము పడదంట ఆయనకి."

తూకం చీపురుకు అడ్డంగా నిలబడ్డాడు. "అక్కా, నీళ్లు చల్లకుండా ఊడవకు. ఇద్దరూ బయటికి పోండి. ఈ బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలపకండి."

"బయటికి పోతే కూలి ఎవడిస్తాడు, నువ్విస్తావా?" అన్నాడు ఆమె మొగుడు, గునపం ఆపకుండానే.

కారిడార్ చివర హైహీల్స్ చప్పుడైంది. నల్ల కళ్లద్దాలు, మెడలో నీలి స్కార్ఫ్, వెనకే గన్ పెట్టుకున్న కాపలావాడు. తూకం ఇనుప తలుపును వేలితో కొట్టి చూస్తూ కోడ్ వదిలాడు.

"పిండి తడిసిందా మేడమ్?"

తడవలేదు అంటే ఇవాళే ప్రమాదమని అర్థం.

"తడిసింది సేటూ. వచ్చే వారం రండి, తలుపులు తీసుకుపోదురు," అని ఆమె ఆగకుండా వెళ్లిపోయింది.

వారం గడువుంది. అతను ఊపిరి వదలబోయాడు. అంతలో గేటులో కారు ఆగి దొర దిగాడు. తూకం ఒక క్షణం గుర్తు పట్టలేదు. వాడి కంపెనీ ప్రతి పోస్టర్లోనూ కనిపించే ఆ రాగి రంగు గడ్డం లేదు. దవడలు నున్నగా, కోడిగుడ్డు పెంకులా ఉన్నాయి.

జీవితమంతా పెంచిన గడ్డాన్ని మనిషి ఊరికే గీయించుకోడు. తూకం లెక్క కట్టాడు. గడ్డం మీద రెస్పిరేటర్ మాస్క్ అతుక్కోదు, సందుల్లోంచి దుమ్ము దూరుతుంది. ఈ పని చేసేవాళ్లందరూ పొద్దున్నే గీసుకునే వస్తారు. క్లీన్ అని సంతకం పెట్టిన బిల్డింగ్ దగ్గరికి వీడు మాస్క్ కోసం గీయించుకుని వచ్చాడు. అంటే ఇవాళే. ఆమె అబద్ధమాడింది.

పేల్చే ముందు హెచ్చరికగా మొదటి సైరన్ మోగింది. కూలీలను బయటికి తోలారు. తూకం గోడ అవతలికి చూశాడు. బడి మైదానంలో కుర్చీలు వరసలుగా వేశారు. బిల్డింగ్ కూలడం వేడుకగా చూడమని అప్పటికప్పుడు అతిథులను పిలిచి, ముందు వరసల్లో పిల్లలను కూర్చోబెట్టారు. గాలి అటే వీస్తోంది.

"చీఫ్, ఇవాళే. ఫోర్స్ పంపండి," అన్నాడు గుండీ మైకులో.

"దారిలో ఉన్నారు. అప్పటిదాకా ఎలాగైనా ఆపు," అన్నాడు చీఫ్, చెవిలోని రిసీవర్‌లో.

రెండో సైరన్. తూకం దొర కారు తలుపు లాగి సీటు మీది మాస్క్ అందుకున్నాడు. పెట్టుడు గడ్డం పీకితే చర్మం కూడా లేచి వచ్చింది. మొహం బయటపడింది, మారువేషం మట్టిలో కలిసింది. మాస్క్ బిగించి మెట్లెక్కి, రెండో అంతస్తు కిటికీలో అందరికీ కనిపించేలా నిలబడ్డాడు. గుండీ మైకును సైట్ లౌడ్‌స్పీకర్ ఫ్రీక్వెన్సీకి తిప్పాడు.

"దొరా!" మైదానమంతా మారుమోగింది. "నీ సర్టిఫికెట్ నిజమైతే మాస్క్ లేకుండా ఇక్కడికి వచ్చి నిలబడు. నా పక్కన ఒక్క నిమిషం!"

అతిథులు దొర వైపు తిరిగారు. టీచర్లు తిరిగారు. గునపం మనిషి తువ్వాలు తీసి దాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. దొర ఒక్క అడుగు కూడా వేయలేదు.

"నొక్కు," అన్నాడు, మీట ఉన్న పెట్టె పట్టుకున్న పేలుడు మేస్త్రీతో.

"లోపల మనిషున్నాడండీ. మనిషుంటే నేను నొక్కను. నా చేతికి అలవాటు లేదు."

దొర అతన్ని పక్కకు నెట్టి పెట్టె లాక్కున్నాడు. మూడో సైరన్ మోగుతుండగా బొటనవేలితో మీట నొక్కాడు.

పక్షులు ఎగిరాయి. బిల్డింగ్ కదల్లేదు.

పెట్టె వెనక నీలి స్కార్ఫ్ నిలబడి ఉంది. ఆమె చేతిలో తెగిన వైరు కొస ఉంది. దొర తేరుకునే లోపు ఫోర్స్ గేటు దూకింది.

తూకం కిందికి వచ్చాడు. బట్టల మీద నీళ్లు కొట్టించుకునే దాకా మాస్క్ తీయలేదు.

"ఎందుకు తెంచావు?"

"మొదటి వరసలో మా చెల్లెలి కూతురుంది," అందామె. కళ్లద్దాల కింద నీళ్లు జారాయి. "నాకు ఇప్పుడే కనిపించింది."

"మిగతా వరసల సంగతేంటి?"

ఇన్నాళ్లూ ల్యాబ్‌లో దొంగ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టింది ఎవరి పిల్లల కోసమని అరవాలనిపించింది అతనికి. అరిస్తే ఏం లాభం? ఆమె చేతులకు బేడీలు వేసి ఫోర్స్‌కు అప్పగించాడు.

ఎక్స్ఛేంజ్ చుట్టూ ప్లాస్టిక్ తెరలు లేచాయి. పని నెలల తరబడి నడిచింది. తడిపి తీసిన ముక్కలన్నీ జంట సంచుల్లో వెళ్లాయి. గునపం మనిషికీ అతని భార్యకూ ఊపిరితిత్తుల పరీక్షలు చేయించారు. ఏమీ కనిపించలేదని డాక్టరు చెబితే ఇద్దరూ సంతోషించారు. ఇప్పుడే కనిపించదని తూకమే చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నంతసేపూ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

ఒకరోజు చీఫ్ పిలిచాడు.

"దొర జైలు నుంచి పిటిషన్ పెట్టాడయ్యా. తన సెల్ పైకప్పు పాత ఆస్బెస్టాస్ రేకు అట. లైసెన్సున్న సర్వేయర్‌తో చూపించి, తడిపి, చట్టం ప్రకారం తీయించమంటున్నాడు. ఒక్క క్లాజు కూడా వదల్లేదు. చట్టమంతా కంఠతా వచ్చు వాడికి!"

"వస్తుంది సార్," అన్నాడు తూకం లేస్తూ. "ఎక్కడెక్కడ తొక్కాలో తెలియాలంటే ముందు చదవాలి కదా."