క్వారీ మీద నాలుగో అంతస్తు

నూట తొంభై డాలర్ల పెట్టుబడితో ఈవన్ ఒప్పుకున్న పని అది. చీకటి పడ్డాక, ఆస్ట్రేలియాలోని ఆ హోబర్ట్ ఊళ్లో ఎవరూ నిలబడని చోట నిలబడటం.

కొండవాలు వీధి చివర పాత రాళ్ల క్వారీ. చుట్టూ ఇనప కంచె. కంచె దాటితే నిలువు గుంట. కిందటి చలికాలం అద్దెకు గది దొరక్క చదువుకునే పిల్ల ఒకతి అక్కడ గుడారం వేసుకుంది. ఓ పొద్దున చూస్తే గుడారం పైనుంది, పిల్ల గుంట అడుగున ఉంది. అప్పట్నించీ రాత్రిళ్లు అక్కడ ఎవరో తలుపు కొడుతున్న చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు... కొట్టడానికి తలుపంటూ ఏదీ లేని చోట.

ఆ గుంట పూడ్చి, విద్యార్థులకు పదకొండంతస్తుల హాస్టల్ కడతామంటూ ఓ కంపెనీ వచ్చింది. వీధి వీధంతా లేచింది. ప్రతి గేటుకీ "వద్దు" అని ఓ అట్ట.

"ఈ కుర్రకుంకలొస్తే రాత్రంతా పాటలు, పొద్దున్నే నా గులాబీ మొక్కల్లో బీరు సీసాలు," అంది లోర్నా థర్కెల్. వీధి సంఘానికి ఆవిడే పెద్ద. "అక్కడి దెయ్యం కూడా కంపెనీ పార్టీయేనట. దానికీ గది కావాలిగా!"

ఈవన్ నవ్వి తన ఉపాయం చెప్పాడు. పదకొండో అంతస్తు ఎంత ఎత్తొస్తుందో అంత ఎత్తున లైటున్న బెలూన్ ఎగరేస్తే, ఎవరింటి కిటికీలోంచి వాళ్లు ఫోటో తీసి, రేపటి కౌన్సిల్ మీటింగులో చూపించొచ్చు.

"ఆరువందలు," అన్నాడు.

"గాలి బుడగకా!"

"గాలికి కాదండీ, ఎత్తుకి."

ఫోటోలు తీశాక ఇస్తానంది. బెలూనుకీ, లైటుకీ, తాడుకీ నూట తొంభై ఈవనే పెట్టుకున్నాడు.

ఆ డబ్బు చేతిలో పడితే గది అడ్వాన్సుకి సరిపోతుంది. ఈవన్ కూడా చదువుకునే కుర్రాడే. మూడు నెలలుగా వ్యాన్‌లో పడుకుంటున్నాడు. ఆ సంగతి లోర్నాకు చెప్పలేదు. హాస్టల్ కడితే గదులొస్తాయి, నిజమే — ఎప్పుడో మూడేళ్లకి. అడ్వాన్సు మాత్రం ఈ వారమే కట్టాలి. అతని లెక్క అక్కడితో తేలిపోయింది.

ఆ రాత్రి గాలి లేదు. కంచెకు ఆనుకుని నిలబడి తాడు వదిలాడు. దానికి ముందే అంతస్తుకో ముడి వేసుకున్నాడు. ఒకటి... రెండు... మూడు...

నాలుగో ముడి దగ్గర తాడు ఆగింది. పైనెవరో పట్టుకున్నట్టు.

టక్... టక్... టక్.

తలెత్తాడు. బెలూన్ పక్కన, ఉత్త గాలిలో — ఒక కిటికీ వెలిగి ఉంది. పసుప్పచ్చటి వెలుతురు. ఎవరో నూడుల్స్ ఉడికిస్తున్న వాసన.

"బయట చలిగా లేదూ?" ఆడపిల్ల గొంతు. మెల్లగా, చెవి పక్కనే. "రా... గది ఖాళీగానే ఉంది."

పరుగెత్తాల్సిందే. కానీ మూడు నెలల చలి ఎముకల్లో పేరుకుని ఉంది. నోట్లోంచి అలవాటు మాటే ఊడిపడింది.

"అడ్వాన్సెంత?"

"ఏమీ వద్దు."

"అద్దె?"

"వద్దు... వచ్చి ఉంటే చాలు. ఒక్కదాన్నే ఉన్నాను."

వెచ్చటి గాలి మొహానికి తగిలింది. ఎన్నాళ్లయింది, మొహం వెచ్చబడి! దాని కోసమే అన్నట్టు కాస్త ముందుకు జరిగాడు... ఇంకాస్త...

జేబులో ఫోను మోగింది. లోర్నా. ఓ చేత్తో తాడు వదలకుండానే, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కుకున్నాడు.

"ఏమోయ్ అబ్బాయ్, లైటు నాలుగో అంతస్తులోనే ఆగిందేం? ఆరువందలూ ఇచ్చేది దీనికా? పైకి వదులు!" అంది. ఉన్నట్టుండి గొంతు తగ్గింది. "ఇంతకీ... నువ్వెక్కడున్నావ్? మా కిటికీలోంచి చూస్తుంటే కంచె దగ్గర ఎవరూ లేరే..."

"ఇక్కడే ఉన్నానండీ. కంచె పట్టుకునే—"

చెయ్యి చూసుకున్నాడు.

పట్టుకున్నది కంచె కాదు. నున్నటి మెట్ల కమ్మీ. కంచె కిందుంది. చాలా కింద. అతని వ్యాను అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

"లోర్నా గారూ," గుసగుసగా అన్నాడు, "కిందికి దిగడానికి మెట్లు లేవు."



పైన తలుపు తెరుచుకుంది. వెలుగు అతని ముందున్న ఒక్క మెట్టు మీదే పడింది.

ఈవన్ కుడికాలు ఎత్తాడు.