మూడో టెర్మినల్ మీద సుభ పేరు

నరసరావుపేట నూలుమిల్లు కంప్యూటర్ గదిలో మూడో టెర్మినల్ ముందు కూర్చోమంటే, పని మానేస్తాం గానీ కూర్చోం అనేవాళ్లు ఆపరేటర్లు. ఎనభై ఎనిమిది వానాకాలంలో ఆపరేటర్ సుభాషిణి అక్కడే కరెంటు కొట్టి పోయింది. మీటలు ముట్టుకుంటే చేతులు జివ్వుమంటున్నాయని ఆ పిల్ల ముందురోజే చెప్తే, "రేపు చూద్దాంలే" అన్నాడు ఇన్‌చార్జి షౌకత్. రేపు చూడ్డానికి ఏం మిగిలింది!

టెర్మినల్ మార్చారు. మిషన్లో సుభ పేరు తీసేయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ యూనిక్స్ మిషనుకి ఒక గుణముంది... లోపలికి పోవాలంటే పేరు కొట్టాలి, ఆ తర్వాత పాస్‌వర్డ్ కొట్టాలి. తప్పు కొడితే — ఏ పేరు, ఏ టెర్మినల్, ఎన్నింటికి — అంతా జాబితాగా రాసిపెట్టుకుంటది.

నెల తిరక్కముందే ఆ జాబితాలో పడింది. సుభ... మూడో టెర్మినల్... రాత్రి ఏడూ పది... తప్పు!

రోజూ అంతే. ఆ వేళకి ఆపరేటర్లెవరూ ఉండరు.

"దెయ్యమో దొంగో రేపటికి తేల్చు. లేదా ఇంటికి పో," అన్నాడు మేనేజరు నరసింహం. షౌకత్‌కి ఇద్దరు పసిపిల్లలు.

ఆ రాత్రి బీరువా వెనక నక్కాడు. టక్... టక్... ఒక్కో అక్షరమే. లైటేశాడు.

సుభ తల్లి వీరరాఘవమ్మ! జాలిపడి మిల్లువాళ్లు ఊడ్చే పనిచ్చారు. బిడ్డ నోటుబుక్కు మీది ఇంగ్లీషు పేరు చూసి కొడతాంది.

"బిడ్డ పేరు ఇంకా లోపలే ఉందంటగా... పేరు కొడితే ఇంకేదో అడుగుతాంది షౌకతూ... ఏందయ్యా అది?"

భయం పోయి కోపం తన్నుకొచ్చింది వాడికి. "నీ బిడ్డకే తెలిసిన మాట. అది కొట్టు, వస్తది నీ బిడ్డ!" అని వెటకారం చేసి పోయాడు.

తెల్లారి మేనేజరు గదిలో జాబితా తీశాడు. రాత్రి ఏడూ పది తర్వాత ఒక్క తప్పూ లేదు.

"దెయ్యం వదిలింది సార్," అని నవ్వుతూ, ఇప్పుడు మిషన్ లోపల ఎవరున్నారో చూశాడు.

సుభ... మూడో టెర్మినల్... రాత్రి ఎనిమిదిన్నర నుంచి.

ఇద్దరూ పరిగెత్తారు. వీరరాఘవమ్మ అక్కడే కూర్చోనుంది. ఒళ్లో సుభ టిఫిన్ గిన్నె — దాని మీద ఇంగ్లీషులో కొట్టించిన ముద్దుపేరు, 'పిచ్చుక'.

"గిన్నె మీదిదే కొట్టా. రానిచ్చింది... రాత్రి నుంచీ పిలుస్తన్నా, పలకదేందయ్యా?"

తెర మీద, ఏం చెయ్యాలో చెప్పమని మిషను చూపించే డాలరు గుర్తు ఒకటి. అంతే.

"ఆపరా ముందు!" అరిచాడు నరసింహం.

షౌకత్‌కి ఉద్యోగం గుర్తొచ్చింది. ఆమె భుజం మీంచి చెయ్యి చాపి స్విచ్చి నొక్కాడు.

నల్లబడిన తెరను చూసి, వాడి చెయ్యి పట్టుకుంది ముసలిది.

"ఒకసారి చంపింది చాల్లేదంట్రా నీకు?"