నూకల బువ్వ మీది బూజు

జైనూర్ అడవిలో మొదటి శవం ఒక గొంగళిపురుగుది. టేకాకు కింద బిర్రబిగుసుకుని, ఒళ్లంతా తెల్లటి పొడితో చచ్చి ఉంది. గంగుబాయి అనే గోండు రైతు దాన్ని ఆకుతో సహా తెంపుకొచ్చి అటవీ పరిశోధన వాళ్ల బల్ల మీద పెట్టింది.

"గీ బూజు తగిలిన చెట్ల మీద పురుగే లేదు సార్," అన్నది.

ఎవరూ మందు కొట్టలేదు. ఆ అడవిలోనే పుట్టిన శిలీంధ్రం, టేకాకును జల్లెడ చేసే పురుగు ఒంట్లోకి దిగి చంపుతోంది.

రెండో హత్య హైదరాబాద్ ల్యాబ్‌లో జరిగింది. అక్కడ భద్రపరిచిన శిలీంధ్రాన్ని ఎవరో ఉడకబెట్టి చంపారు.

మెట్‌పల్లిలో ఒక మరమగ్గాల షెడ్డు. ఆ చప్పుడులో లోపలి మాట బయటికి వినపడదు. అందుకే సీక్రెట్ సర్వీస్ అక్కడ కూర్చుంటుంది. చీఫ్ సాంబయ్య ఫైలు తెరిచాడు.

"గ్రీన్ హాలో. విదేశీ ముఠా. పురుగుమందుల దందా. మన బూజు ఎత్తుకపోయి పేటెంట్ చేసుకుంటరు, మళ్ల మనకే అమ్ముతరు. బతికున్న బూజు కల్చర్ జైనూర్ల ఒక్కటే మిగిలింది. బెల్లంపల్లి దాకా జీపుల, ఆడికెళ్లి రైల్ల. రాకేశ్, బాక్స్ నీది. సాగర్, నువ్వు డ్రైవర్."

మళ్లీ రాకేశే. పద్నాలుగేళ్లు అడవులు తొక్కింది సాగర్. నిన్నమొన్న వచ్చిన రాకేశ్‌కు కెమెరా కళ్లద్దాలు, కూల్ బాక్స్. సాగర్‌కు ఖాకీ చొక్కా, జీపు తాళం. పైగా రాకేశ్ మంచివాడు. మరీ మండేది అందుకే.

జైనూర్‌లో కలవాల్సిన ఏజెంట్ అలేఖ్య. పైకి ల్యాబ్ అసిస్టెంట్.

"మీ బాపు దుబాయికెళ్లి వచ్చిండా?" రాకేశ్ కోడ్ అడిగాడు.

"వచ్చిండు. ఇల్లంత బూజు దులుపుతుండు," అని నవ్వింది.

ఆ నవ్వు సాగర్‌కు తెలుసు. నాలుగేళ్ల కింద ఉట్నూర్ మిషన్‌లో ఆమె అతని టిఫిన్‌లోనే తినేది, అతన్ని చూసే నవ్వేది. ఇప్పుడు రాకేశ్ కళ్లద్దాలు తీసుకుని తన ముక్కు మీద పెట్టుకుంటోంది.

లాకర్‌కు రెండు తాళాలు. ఒకటి ఆమెది, రెండోది రాకేశ్ తెచ్చింది. లోపల సీలు వేసిన చిన్న పాకెట్: ఉడికించిన నూకల మీద తెల్లగా అల్లుకున్న బూజు.

"పాసిపోయిన బువ్వ లెక్కనే ఉన్నదిగా," అన్నాడు రాకేశ్. ఆమె మళ్లీ నవ్వింది.

పాసిపోయిన బువ్వ. సాగర్ టిఫిన్‌లో మూడు రోజుల కిందటి నూకల బువ్వ ఉండనే ఉంది, బూజు పట్టి. వాళ్లిద్దరూ చాయ్‌కి పోగానే ల్యాబ్ బల్ల మీది ఖాళీ కవరు తీశాడు. టిఫిన్ బువ్వ కవర్లోకి, అసలు పాకెట్ లేబుల్ దాని మీదికి, సీలింగ్ మిషన్ కింద రెండు సెకన్లు. ఆ కవరు కూల్ బాక్స్‌లోకి, అసలు పాకెట్ టిఫిన్‌లోకి.

దేశం కోసం చేయలేదు. మీటింగులో రాకేశ్ పాకెట్ విప్పితే గబ్బు కొట్టాలి, సాంబయ్య ముక్కు మూసుకోవాలి, అప్పుడు తను లేచి అసలుది చూపాలి. అంతే. కుళ్లుబోతుకు అంతకంటే దూరం చూపు ఆనదు.

బెల్లంపల్లిలో, మూతపడ్డ గని పక్కన యాదవ్వ చాయ్ హోటల్ ముందు జీపు ఆగింది. రైలుకు ఇరవై నిమిషాలుంది. రైలెక్కిస్తానని జీపులో వెంట వచ్చిన అలేఖ్య హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది.

"బాక్స్ ఇటియ్యి రాకేశ్."

నల్ల కారు వచ్చి ఆగింది. షెడ్డుకు సిగ్నల్ పంపడానికి రాకేశ్ కళ్లద్దాల బటన్ నొక్కాడు. పలకలేదు. బ్యాటరీ ఆమె జైనూర్‌లోనే తీసేసింది.

"అలేఖ్యా," అన్నాడు సాగర్. "మేం నీకేం తక్కువ చేసినం?"

"నెల రోజులు నీ టిఫిన్ డబ్బల తిన్న సాగర్. ఒక్కనాడన్న సక్కగ కడిగినవా?"

ఆమెను, బాక్స్‌ను ఎక్కించుకుని కారు పోయింది. రాకేశ్ దుమ్ములో కూలబడ్డాడు. "ఖతమైంది అన్నా. ఒక్కటే ఉండె. అది గుడ పాయె."

సాగర్ అర నిమిషం ఆ ముఖాన్ని చూశాడు. పద్నాలుగేళ్ల సర్వీసులో అంత తియ్యటి అర నిమిషం లేదు. తర్వాత జీపు వైపు తిరిగాడు. సీటు మీద టిఫిన్ లేదు.

"యాదవ్వా, నా డబ్బ ఏది?"

"కంపు కొడుతుంటే కడిగిన బిడ్డా," హోటల్ వెనక నుంచి గొంతు. "బువ్వ కవర్ల పెట్టుడేంది, ఎంత బూజు పట్టెనో. కోళ్లకేస్తున్న."

సాగర్ దడి మీది నుంచి దూకాడు. యాదవ్వ పాకెట్ మూలను పళ్ల కింద పెట్టింది. కోళ్లు మెడలు సాచి నిలబడ్డాయి. ఆమె కొరకబోయేంతలో పాకెట్ లాక్కుని, కోళ్ల మధ్య బోర్లా పడ్డాడు. సీలు మీద పంటి గాటు. చినగలేదు.

"పాసిపోయిన బువ్వకు గింత లొల్లా," అన్నది యాదవ్వ. "ఇంట్ల పెండ్లాం లేదా బిడ్డా?"

నెల తిరక్కుండానే గ్రీన్ హాలో తన ల్యాబ్‌లో సాగర్ బువ్వను పురుగుల మీద చల్లింది. పురుగులు తిని బలిశాయి. జైనూర్ టేకు మీద మాత్రం తెల్లటి శవాలు రాలుతున్నాయి.

షెడ్డులో సాంబయ్య అడిగాడు, "పాకెట్ మార్చుడు ఎవరి ఐడియా?"



"సాగరన్నది సార్," రాకేశ్ లేచాడు. "బాక్స్ పోయినా నా మీద నింద రావద్దని, అసలుది కాపాడే పని తన మీదేసుకున్నడు."

మెడల్ సాగర్‌కే వచ్చింది. తెల్లారి రాకేశ్ ఒక కొత్త స్టీలు టిఫిన్ కూడా తెచ్చిచ్చాడు, మూత మీద సాగర్ పేరు చెక్కించి.

సాగర్ దాన్ని కూడా ఇప్పటిదాకా కడగలేదు.