ఆగిన నదికి ప్రోలమ రాసిన వ్యాసం

మణిశైల రాజ్యంలో ఒక ఉదయం నది నిలిచిపోయింది. ఎండలేదు, గడ్డకట్టలేదు. ఉన్నది ఉన్నట్టే ఆగింది. లేచిన అల లేచినట్టే నిలబడింది. నీటిపైకి ఎగిరిన చేప గాలిలోనే ఉండిపోయింది. దాని తోక నుంచి రాలిన చుక్కలు ముత్యాల్లా వేలాడాయి. ఆ నీటిని తాకినవాళ్లు కూడా బిగుసుకుపోయారు. ఆ నది పేరు శ్యామల.

నది నడుమ ఒక పడవ ఉంది. అందులో గడ మీద ఒరిగి నిలబడినవాడు పడవ నడిపే ఎర్రపోతు. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప మాత్రం పడదు. అతని కూతురు ప్రోలమ రోజూ ఒడ్డుకు వచ్చి ఆ కళ్లను చూసి వెళ్లేది.

నది ఆగిన రోజునే ఆకాశం నుంచి ఒక గొంతు వినిపించింది. “నది ఎందుకు ఆగిందో ఉన్నదున్నట్టు రాసి, ఒడ్డున నిలబడి చదవండి. నిజమైతే నది కదులుతుంది. ఒక్క మాట తప్పినా, ఒక్క మాట దాచినా చదివినవారు రాయి అవుతారు.”

రాజ్యంలో విద్యాపీఠం ఉంది. పండితులకు కొదవ లేదు. నల్లకొండ రాక్షసుడే నదిని ఆపాడని మొదటి పండితుడు ఇంట్లో కూర్చుని రాశాడు. చదివాడు, రాయి అయ్యాడు. రెండోవాడు మొదటివాడి తాటాకులు పక్కన పెట్టుకుని, నాలుగు శ్లోకాలు చేర్చి అదే రాశాడు. మూడోవాడు ఆ ఇద్దరినీ చూసి రాశాడు. ఒడ్డున రాళ్ల వరుస పెరిగింది. వాళ్లలో ఒక్కడూ నల్లకొండ ఎక్కి చూసినవాడు కాదు.

ప్రోలమ ఆ పీఠంలోనే చదువుకుంటోంది. తండ్రిని విడిపించాలని తనూ గంటం పట్టింది. ఆ పీఠంలో ఒక పద్ధతి ఉండేది. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేనే నల్లగా తేలి కంటికి ఆనుతాయి. గురువు సరే అనేదాకా శిష్యులు మసి పూయకూడదు. గీసిన అక్షరం చెరగదు కనుక, తప్పు రాసిన ఆకును పొయ్యిలో వేసి కొత్త ఆకు మీద మళ్లీ రాయాలి.

గురువు ఔబళాచార్యులు ఆమె ఆకును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చదివాడు.

“రాక్షసుడు ఆపాడా? నువ్వు చూశావా?”

“లేదండి. అందరూ అన్నారు.”

“ఆ అందరూ ఒడ్డున నిలబడి ఉన్నారు. పోయి వాళ్లనే అడుగు.”

ప్రోలమ ఆకును పొయ్యిలో వేసింది. గంటం, ఖాళీ ఆకుల కట్ట మూటగట్టుకుని నల్లకొండకు బయలుదేరింది.

కొండ ఎక్కాక గుహ అనుకుని ఆమె ఆగిన చోటు రాక్షసుడి నోరు. వాడు ఆవులిస్తున్నాడు.

“ఏయ్ పిల్లా! పళ్ల ముందు నిలబడి ఏం చూస్తున్నావ్? తప్పుకో, నోరు మూసుకోవాలి.”

ప్రోలమ పక్కకు తప్పుకుంది. అయినా పోకుండా అడిగింది. “శ్యామల నదిని నువ్వే ఆపావా?”

రాక్షసుడు పకపకా నవ్వాడు. కొండ మీది రాళ్లు దొర్లాయి. “నేనా? నది పాయ ఒకటి నా గుమ్మం ముందే పారేది. నోరెండి చస్తున్నాను. నేనే ఆపితే ఒక కడివెడైనా నాకు ఉంచుకోనా? మీ ఊళ్లో కుండ పగిలినా నా పేరే. అడగడానికి వచ్చిన మనిషివి నువ్వే మొదలు.”

వాడి గుమ్మం ముందు పాయ చూసింది ప్రోలమ. గాజు పలకలా బిగుసుకుని ఉంది. దాని ముందు పెద్ద రాతి గిన్నె ఎండిపోయి బోర్లా పడి ఉంది. రాక్షసుడు అబద్ధం చెప్పలేదు.

“మరి ఎవరు ఆపారు?”

“తెలిస్తే వాణ్ణి నమిలేసేవాణ్ణి. మేఘాల అడవిలో రెండు తలల గండభేరుండం ఉంది. అది పైనుంచి అన్నీ చూస్తుంది. పో.”

మేఘాల అడవిలో చెట్ల కొనలు కనబడవు. ఉన్నట్టుండి మధ్యాహ్నం మాయమై అడవి మీద నీడ పడింది. గండభేరుండం రెక్క విప్పింది, అంతే. ఒక్కొక్క ఈక తాటిచెట్టంత ఉంది. ఆ ఈకల మధ్య నక్షత్రాల్లాంటివి మినుకుమంటున్నాయి. ప్రోలమ అడగవలసిన మాట మరిచి చాలాసేపు తల ఎత్తి నిలబడిపోయింది. తేరుకున్నాక నదిని ఎవరు ఆపారని అడిగింది.

“నది ఆగిన రోజు ఒక సన్యాసి వచ్చాడు, కోట నుంచి,” అంది ఎడమ తల.

“కోట నుంచి కాదు, పడవ నుంచి,” అంది కుడి తల. “నీ కళ్లు ఎప్పుడు సరిగ్గా పనిచేశాయి గనక!”

“నోరు ముయ్యి. పొద్దున్నే లేవనిదానివి నీకేం తెలుసు? భుజాన జోలె వేసుకుని కోట గుమ్మం దిగాడు.”

“చేతిలో శంఖం ఉంది! పడవ దిగి నది పుట్టిన కొండ ఎక్కాడు.”

ఎవరిని నమ్మాలి? ప్రోలమ రెండు మాటలూ రెండు ఆకుల మీద రాసుకుంది. తర్వాత పక్షి చుట్టూ తిరిగి చూసింది. ఎడమ తల కోట వైపు ఉంది, కుడి తల కొండ వైపు. ఒకటి చూసినది రెండోదానికి కనబడే వీలే లేదు.

“మీరిద్దరూ నిజమే చెప్పారు. చెరి సగం చూశారు,” అంది ప్రోలమ.

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. చాలా కాలానికి వాటి పోట్లాట ఆగింది. ఆ సంతోషంలో పక్షి ఆమెను వీపున ఎక్కించుకుని నది పుట్టిన కొండ మీద దించింది.

అక్కడి గుహలో సన్యాసి కూర్చుని ఉన్నాడు. అతని జడలు నేలలో వేళ్లూనాయి. ఒడిలో తెల్లని శంఖం.

“నదిని ఆపింది మీరేనా స్వామీ?”

“నేనే. ఆపమన్నది మీ రాజు సోమకేసరి. కానీ నేను చెప్పానని రాయకు. నేను ఇందులో భాగస్థుణ్ణి. నా మాట నాకు అనుకూలంగానే ఉంటుంది. నది చప్పుడంతా ఈ శంఖంలో ఉంది. ఆనాటి మాటలూ ఉన్నాయి. నువ్వే విను.”

ప్రోలమ శంఖాన్ని చెవికి ఆనించింది. వానలు, సుడిగుండాలు, ఎన్నో తరాలు ఒడ్డున పాడిన పాటలు అందులో హోరెత్తుతున్నాయి. ఆ హోరు నడుమ రాణి మూలుగు వినిపించింది. తర్వాత రాజు గొంతు. “ఆమెకు కన్ను మూతపడడం లేదు స్వామీ. ఈ నది హోరు ఆపండి. ఆమె లేచాక వదిలేద్దురుగాని.” రాణి మళ్లీ లేవలేదని, ఆ మంచం మీదే కన్నుమూసిందని రాజ్యమంతటికీ తెలుసు. రాజు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

శంఖంలో ఇంకో గొంతు వినిపించింది. అది తన తండ్రిది.

“నది ఆగితే మా బతుకేం కావాలి స్వామీ? సరేలెండి, రాణమ్మ నిద్రపోతుందంటున్నారుగా. ఎక్కండి, దాటిస్తాను.”

ప్రోలమ శంఖాన్ని సన్యాసి ఒడిలో పెట్టేసింది.

గండభేరుండం వీపు మీదే పీఠానికి తిరిగి వచ్చి ఆమె అంతా రాసింది. గురువు వెలుతురుకు పట్టి చదివాడు.

“‘రాజు క్రూరుడు’ అని రాశావు. అది శంఖంలో విన్నావా?”

“లేదండి. నాకు అనిపించింది.”

“నీ కోపం నీ దగ్గర ఉంచుకో. చేసింది రాయి చాలు. ఆ ఆకు తీసెయ్.”

పొయ్యిలో ఆకు చిటపటలాడింది.

“సన్యాసి నది దాటి కొండకు వెళ్లాడని రాశావు. ఎగిరి దాటాడా?”

ప్రోలమ ఆకుల కట్ట సర్దసాగింది.

“నిన్నే అడుగుతున్నా. పడవ ఎవరిది?”

“మా నాన్నది,” అంది ప్రోలమ. “అది రాస్తే జనం ఆయన్ను బతకనివ్వరు గురువుగారూ.”

“రాయకపోతే నువ్వు రాయివి, ఆయన బొమ్మ. ఆపైన నీ ఇష్టం.”

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. ఓదార్చలేదు. ప్రోలమ కొత్త ఆకు తీసుకుని దీపం దగ్గరకు జరిగింది. చివరకు గంటం పట్టి, తండ్రి అన్న మాటలు శంఖంలో విన్నవి విన్నట్టే రాసింది. తెల్లారాక గురువు చదివాడు. మసి గిన్నె ఆమె ముందుకు జరిపాడు.

ఒడ్డున రాజ్యమంతా పోగయింది. ప్రోలమ రాళ్ల పక్కన నిలబడి చదివింది. రాణి నిద్ర దగ్గరికి రాగానే సేనాపతి కత్తి దూశాడు.

“ప్రభువును నిందిస్తోంది! నోరు మూయించమంటారా?”

“చదవనివ్వు,” అన్నాడు రాజు. ఆయన ముఖం బూడిద రంగులోకి మారింది.

ప్రోలమ తండ్రి మాటలు చదివింది. గుంపులో ఒకడు తిట్టాడు, ఇంకొకడు రాయి ఎత్తాడు. ఆమె ఆగలేదు. చివరి ఆకు తిప్పింది.

ముందు ఒక్క చుక్క రాలింది. చేప నీటిలో పడింది. ఆ చప్పుడుకు జనం ఉలిక్కిపడ్డారు. మరుక్షణం ఆగిన అలలన్నీ ఒక్కసారిగా కూలాయి. నది కొండల నడుమ సింహంలా గర్జించింది. రాయి ఎత్తినవాడి చేతిలోంచి రాయి జారిపోయింది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. ముసలివాళ్లు మోకాళ్ల మీద కూలబడ్డారు. ఒడ్డున పండితులు రాతి పొడి దులుపుకుంటూ తమ ఆకులను తామే చించుకున్నారు.

పడవ ఒడ్డుకు తగిలింది. ఎర్రపోతు దిగి కూతుర్ని ఎగాదిగా చూశాడు.

“బిగుసుకుని అంతా వింటూనే ఉన్నాను. నా సంగతి కూడా చదివావే!”

“చదివాను నాన్నా.”

“మంచి పని చేశావు. నాకైతే చెప్పే ధైర్యం ఉండేది కాదు.”

రాజు నీటి అంచుకు వచ్చాడు. తన పెద్ద ముద్రిక తీసి ప్రోలమ చేతిలో పెట్టి, పీఠాన్ని ఆమెకు అప్పగించాడు. తర్వాత కిరీటం తీసి ఇసుక మీద పెట్టాడు. రాణి కోసం కట్టించిన సమాధి అవతలి ఒడ్డున ఉంది. నది ఆగినప్పటి నుంచి, నడుముకు కట్టుకున్న మూటలోని ఆమె అస్థికలను ఆయన అక్కడికి చేర్చలేకపోయాడు.

“దాటిస్తావా?” అని అడిగాడు ఎర్రపోతును.

ఎర్రపోతు గడ అందుకున్నాడు. “ఎక్కండి,” అన్నాడు.

శ్యామల ఆ పడవను అవతలికి మోసింది. నది రాజును క్షమించిందో లేదో ఎవరూ చూడలేదు. ప్రోలమ పీఠాధిపతి అయ్యాక ఈ కథను శిష్యులకు రాయించినప్పుడు ఆ చోట ఒక ఆకు ఖాళీగా వదిలించింది. ఈనాటికీ దాని మీద ఎవరూ మసి పూయలేదు.