కార్మోడీ పాయింట్‌లో వెనక్కి జరిగే సీటు

కార్మోడీ పాయింట్ దగ్గర పొద్దుగూకాక కారు ఆపకూడదని మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. కొండ అంచున కంకర పరిచిన కాస్త జాగా, ఒక కంచె, కింద సముద్రం. అంతే. ఆ కంచెకి కట్టిన పూలు ఎండిపోయేలోపే ఎవరో కొత్త పూలు కడుతుంటారు… ఎందుకంటే అక్కడి సముద్రం మనిషిని తీసుకుంటే మళ్ళీ ఇవ్వదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ నేనూ అక్కడ ఆపను. నమ్మకం వేరు, జాగ్రత్త వేరు.

ఈ సంగతి నాకు చెప్పింది క్లెమ్ హాలొరన్. కార్లకి కరెంటు పని చేస్తాడు, నోరు పెద్దది. పొద్దున్నే నా రొట్టెల కొట్టుకొచ్చి, మాంసం కూరిన పై రొట్టె తింటూ ఊరందర్నీ వెక్కిరిస్తేగాని వాడికి తిన్నది అరగదు. అలాంటివాడు ఆ రోజు సగం తిన్న రొట్టెని పక్కకి తోసేసి, గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏం రా, దెయ్యాన్ని చూశావా?" అన్నాను, మామూలుగా ఆటపట్టిస్తూ.

వాడు నవ్వలేదు. "చూళ్ళేదు," అన్నాడు. "విన్నాను."

ఆ చలికాలంలో క్లెమ్ దగ్గరికి రోవెనా వచ్చింది. మా ఊరి పశువుల డాక్టరు. పొట్టిమనిషి, గట్టిమనిషి, ఎద్దు కాలు పట్టుకుంటే ఎద్దే ఊరుకోవాలి. ఆమె మొగుడు ఫెర్గస్ తాటిచెట్టంత పొడుగు. అంతకుముందు చలికాలంలో అలల మీద ఆడడానికి సర్ఫింగు బల్ల పట్టుకుని కార్మోడీ పాయింట్‌లో దిగాడు, మళ్ళీ రాలేదు. బల్ల దొరికింది. మనిషి దొరకలేదు. తాళం వేసిన కారు పైన అలాగే ఉంది… తాళంచెవి మాత్రం ఎక్కడా లేదు. పోలీసులు చక్రాల మీద వెతికారు, చుట్టూ రాళ్ళు ఎత్తి చూశారు. లేదు.

ఊరికి అంతకంటే ఏం కావాలి? తాళంచెవి జేబులో వేసుకుని ఎవరైనా సముద్రంలో దిగుతారా, వాడు మునగలేదు, ఎవత్తెతోనో పారిపోయాడు, బల్లని కావాలనే నీళ్ళలోకి తోశాడు… అని బీరు గ్లాసుల మీద తీర్పు చెప్పేశారు. రోవెనా ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ పొద్దున వాళ్ళిద్దరికీ గొడవైందని ఆమెకి మాత్రమే తెలుసు.

"కారు సీటు చూడాలి క్లెమ్," అంది. "పిచ్చిపట్టింది దానికి."

అది ఖరీదైన కారు. దాని సీటుకి ఇద్దరి కొలతలు గుర్తుంటాయి. ఎవరి తాళంచెవి దగ్గరుంటే వాళ్ళకి తగ్గట్టు సీటు, అద్దాలు, స్టీరింగు వాటంతట అవే సర్దుకుంటాయి. రోవెనా తలుపు తీస్తే సీటు ముందుకీ పైకీ రావాలి. కానీ కొన్నాళ్ళుగా, ఒక్కోసారి, వెనక్కి పోతోంది. బాగా వెనక్కి… ఫెర్గస్ కొలతకి.

"ఎక్కడ పడితే అక్కడ కాదు," అంది ఆమె గొంతు తగ్గించి. "కార్మోడీ పాయింట్‌లో మాత్రమే. శుక్రవారం సాయంత్రాలు పోతుంటాను కదా, అప్పుడు."

"శుక్రవారం శుక్రవారం అక్కడికెందుకు పోతావమ్మాయ్?"

"నా ఇష్టం పెద్దాయనా. నువ్వు సీటు చూడు."

క్లెమ్ సీటు కింద వైర్లన్నీ తడిమాడు. మోటార్లు చూశాడు, బటన్లు చూశాడు, ఉప్పుగాలికి తుప్పు పట్టిందేమోనని అతుకులన్నీ విప్పి తుడిచాడు. వందసార్లు తలుపు తీశాడు, వేశాడు. సీటు బుద్ధిమంతురాలిలా ప్రతిసారీ రోవెనా కొలతకే వచ్చింది. సరే, ఇలాంటప్పుడు వాళ్ళు చేసే మొదటి వైద్యం ఒకటుంది, బ్యాటరీ ఊడదీసి కాసేపు ఆగి మళ్ళీ పెట్టడం. పానా చేతిలోకి తీసుకున్నాడు.

రోవెనా వాడి చెయ్యి పట్టుకుంది. "అలా తీస్తే కొలతలు పోతాయా?"

"పోవచ్చు. మళ్ళీ పెట్టుకుంటే సరి."

"నాది పెట్టుకోవచ్చు," అంది. "ఆయనది ఎవరొచ్చి పెడతారు?"

క్లెమ్ పానా కింద పెట్టేశాడు. రోగం పుట్టినచోటే చూద్దాం పద అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడట. కానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి?

ఆ శుక్రవారం సాయంత్రం బయల్దేరారు. చలికాలం కదా, దారిలోనే చీకటి పడిపోయింది. పెద్దరోడ్డు దాటాక మట్టిదారి మొత్తం గట్లుగట్లుగా ఉంటుంది. కారెంత ఖరీదుదైనా పళ్ళు టకటకలాడాల్సిందే. పాయింట్‌కి చేరారు. ఇంకో కారు లేదు. కింద అల విరిగినప్పుడల్లా కాళ్ళకింద నేల అదిరినట్టు అనిపిస్తోంది.

ఇద్దరూ దిగారు. తలుపులు వేసి కాసేపు ఆగారు. రోవెనా మళ్ళీ డ్రైవరు తలుపు తీసింది.

లోపల దీపం వెలిగింది. సన్నగా… మూలుగులా… మోటారు మోగింది. సీటు మెల్లగా వెనక్కి జరిగింది. ఇంకా జరిగింది. వీపు వాలింది. స్టీరింగు పైకి లేచింది. బయట అద్దాలు రెండూ తలెత్తి, పొడుగాటి మనిషి కళ్ళకోసం నిలబడ్డాయి.

"చూశావా?" అంది రోవెనా గుసగుసగా.

క్లెమ్ పనివాడు కదా, వంగి, ఇంజను ఆన్ చేసి, తప్పులు చదివే యంత్రం తగిలించాడు. తెర వెలిగింది. సీటులో ఏ తప్పూ లేదు. మోటారులో లేదు. బటన్లలో లేదు. సీటు తనకి చెప్పిన పనే చేసింది. ఎవరు చెప్పారు?

ఇంకాస్త కిందికి జరిపి చదివాడు. మళ్ళీ చదివాడు.

"రోవెనా… నీది రెండో తాళంచెవా?"

"అవును."

"మొదటిది?"

"ఆయనది. ఆయనతోనే పోయింది."

"మొదటి తాళంచెవి ఇప్పుడు కారు పక్కనే ఉందంటోంది ఇది…"

కారు దీపం వెలుగు నాలుగడుగుల దాకానే. అవతల అంతా చీకటి, పొదలు, కంచె. ఆ తాళంచెవి ఉన్న మనిషి చెయ్యి చాపితే కారు తగిలేంత దగ్గర్లో ఉండాలి. పారిపోయాడంటున్నవాడు తిరిగొచ్చి చీకట్లో నిలబడ్డాడా? లేక… నీళ్ళలోంచి…

"ఫెర్గస్?" అంది రోవెనా. ఆమె గొంతు ఆమెది కాదనిపించింది వాడికి.

గాలి విసిరింది. అప్పుడు వినిపించింది… కారు వెనకనుంచి, బాగా కిందనుంచి… కరకర… కరకర… ఎవరో తడి గోళ్ళతో గీకుతున్నట్టు.

"పారిపోదామనుకున్నావా?" అని అడిగాను నేను, వాడు తోసేసిన రొట్టె మీద చెయ్యివేసి.

"కాళ్ళు రాలేదురా," అన్నాడు క్లెమ్. "వచ్చుంటే ఈపాటికి సిడ్నీలో ఉండేవాణ్ణి."

రోవెనాయే ముందు నడిచింది. టార్చి పట్టుకుని వాడు వెనకాల. కారు వెనక ఎవరూ లేరు. కరకర మాత్రం అక్కడినుంచే వస్తోంది, బంపరు కిందనుంచి. క్లెమ్ మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టాడు. ఇనప కమ్మీ పైన, లోపలికంటా దోపి… మెత్తగా, చల్లగా ఏదో తగిలింది. కెవ్వుమని లాగేశాడు.

ఆలుగడ్డ చిప్స్ పొట్లం. లోపలంతా వెండిరేకు. మడతపెట్టి, పైన టేపు చుట్టి ఉంది. టేపు ఊడిపోయి, ఒకపక్క ఒరిసిపోయి నోరు తెరుచుకుంది. గాలికి ఆ నోరే కరకరలాడుతోంది. లోపల, పొడిపొడిగా, తాళంచెవి.

క్లెమ్‌కి అప్పుడు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయట. అలల మీద ఆడే మావాళ్ళందరూ చేసే పనే అది. వెనకటి తాళంచెవులైతే మెళ్ళో వేసుకుని దిగేవాళ్ళు. ఈ కొత్తవి నీళ్ళు తగిలితే చస్తాయి. ఊరికే కారు దగ్గర దాస్తే కారు దాన్ని పసిగట్టి ఏ దొంగకైనా తలుపు తెరుస్తుంది. అందుకని వెండిరేకు పొట్లంలో చుట్టి దాస్తారు, కారు కళ్ళకి గంతలు కట్టినట్టు. చక్రాల మీద దొంగలు వెతకడం మొదలుపెట్టాక దాచేచోటు ఇంకా లోపలికి పోయింది. ఏడాదిగా రాసుకుని రాసుకుని పొట్లం చిరిగింది. ఆ గట్లదారిలో కారు కుదిపినప్పుడల్లా నోరు తెరుచుకుని, కారుకి కబురు చెబుతోంది; నున్నటి రోడ్డెక్కి ఊళ్ళోకొచ్చేసరికి మడత మళ్ళీ మూసుకుంటోంది.

రోవెనా ఆ పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుంది. "వెళ్ళిపోయేవాడు… ఇంత జాగ్రత్తగా దాస్తాడా క్లెమ్?"

"దాయడు. ఒడ్డుకొచ్చి ఇంటికెళ్ళేవాడే దాస్తాడు."

ఆమె కంకరలో కూలబడి ఏడ్చింది. ఆ పొద్దున గొడవ ఏమీ కాదట. ఫెర్గస్ ఎప్పుడూ బెల్టు పెట్టుకోడు, కారు టింగుటింగుమని మోగుతూనే ఉంటుంది. ఆమెకి చిర్రెత్తింది. "బెల్టు పెట్టుకో, లేదంటే నా కళ్ళముందునుంచి పో" అంది. పోయాడు. ఆ మాటకే పోయాడేమోనని ఏడాదిగా తనలో తాను చచ్చిపోతూ ఉంది.

క్లెమ్ తాళంచెవిలోంచి చిన్న బ్యాటరీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. తలుపు మూసి తీస్తే, సీటు ముద్దుగా ముందుకొచ్చి ఆమె కొలతకి ఆగింది. పని అయిపోయింది.

"ఆయన కొలత చెరిపెయ్యనా?"

"ఉండనీ," అంది. తర్వాత ఏమనుకుందో, చెయ్యి చాపి తలుపు మీద ఫెర్గస్ కొలత గుర్తున్న ఒకటో బటన్ తనే నొక్కింది. సీటు మెల్లగా వెనక్కి పోయింది. ఆమె ఎక్కలేదు. ఎవరికో దారి ఇస్తున్నట్టు తలుపు పట్టుకుని పక్కకి తప్పుకుంది.

టింగ్…

టింగ్… టింగ్…

బెల్టు మోత. సీట్లో బరువు పడితేనే మోగేది. సీటు ఖాళీగా ఉంది.

ఉప్పుగాలికి వైరు తడిసినా అలా మోగుతుందని క్లెమ్‌కి తెలుసు. ఆ మాటే పైకి అనబోయాడు.

రోవెనా బెదరలేదు. సీటు వంక చూస్తూ, ఇంట్లో రోజూ విసుక్కున్నట్టే విసుక్కుంది.

"బెల్టు పెట్టుకో ఫెర్గస్."

మోత ఆగిపోయింది.