ఏడు తీసి ఒకటి

బైక్ తొంభైలో ఉంది.

చింతామణి వెనక్కి పోయింది. శిడ్లఘట్ట ఇంకా పది కిలోమీటర్లు. నడినెత్తిన ఎండ. ధనుంజయ యాక్సిలరేటర్ ఇంకా తిప్పాడు.

చెవిలో ఎస్సై నేత్ర గొంతు.

"ధనూ, యాడుండావు?"

"వస్తాండా!"

"తొందరగా రా. హనుమక్కను ఎత్తుకుపోయినారు!"

హనుమక్క... దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు పెంచే మనిషి. ఒక హత్య కేసులో ఒకే ఒక్క సాక్షి. రేపు కోర్టులో నోరు విప్పాలి. ఈ పొద్దున పదకొండుకు పట్టుదారం తీసే ఆంజనప్ప రీలింగ్ ఫ్యాక్టరీ ముందర ఆమెను తెల్ల వ్యాన్‌లోకి లాగేశారు. నంబరు ఎవరూ చూడలేదు.

గేటు కెమెరా చూసింది!

కానీ ఆ తర్వాత కరెంటు పోయి వచ్చింది. రికార్డింగ్ సర్వర్ మళ్ళీ లేవలేదు.

"బాగేపల్లి దగ్గర నలభై తెల్ల వ్యాన్లు నిలబెట్టుండారు. అందులో ఏదో తెలీదు. ఈడ గిరీశ్ పాపం సర్వర్‌తో ఒగటే కొట్లాడతాండాడు..."

పాపం గిరీశ్!

కడుపులో నిప్పు పడింది.

ఆరేళ్ళు ఆ సర్వర్‌ను చూసుకున్నది ధనుంజయ. బెంగళూరు నుంచి గిరీశ్ దిగాడు. అంతే! ఆంజనప్ప పని వాడికిచ్చేశాడు. బడిలో పక్క బెంచీలో కూర్చున్న నేత్ర కూడా ఇప్పుడు వాడితోనే టీ తాగుతుంది. వాడేం చెప్పినా నవ్వుతుంది.

నిన్న సాయంత్రం ఆ నవ్వు చూశాడు. ఇంటికెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచాడు. సర్వర్ పాత పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోంది...

బ్రేక్!

ఫ్యాక్టరీ. మెట్లు. సర్వర్ రూమ్.

గిరీశ్ చొక్కా చెమటకు తడిసిపోయింది. చేతిలో కేబుల్. స్క్రీన్ మీద ఎమర్జెన్సీ మోడ్.

"అన్నా, బూట్ అయ్యేటప్పుడు రికార్డింగ్ డిస్క్ మౌంట్ అయితాలేదు, తగులుకునేదే లేదు. డిస్కే పోయిందేమో..."

"జరుగు!"

నేత్ర చెయ్యి గిరీశ్ భుజం మీద ఉంది. "నీ తప్పేం లేదులే," అంటోంది.

ధనుంజయ పళ్ళు కొరికాడు. వాడు ఓడాలి. నేను గెలవాలి. ఆమె చూడాలి! దానికే కదా...

ఫైలు తెరిచాడు. స్టార్టప్‌లో ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైలు. అందులో డిస్క్ ఐడీ. ముప్పై రెండు అంకెలు, అక్షరాలు. చివర్లో ఒకటి అంకె ఉంది. చెరిపాడు. ఏడు కొట్టాడు.

సేవ్. రీబూట్.

పది సెకన్లు... ఇరవై...

మౌంట్ అయింది!

రికార్డింగ్‌లో టైము పదకొండూ నాలుగు. గేటు. తెల్ల వ్యాన్. నంబరు!

నేత్ర అప్పటికే ఫోన్లో అరుస్తోంది. బాగేపల్లిలో కాపు కాస్తున్న కానిస్టేబుల్ బయ్యప్పకు నంబరు చెప్పింది. స్పీకర్ ఆన్.

"చూస్తాండా మేడమ్... లైన్‌లోనే ఉండండి!"

బూట్ల చప్పుడు. హారన్లు.

గిరీశ్ కళ్ళు ఇంకా స్క్రీన్ మీదే ఉన్నాయి.

"అన్నా..." గిరీశ్ మెల్లగా అడిగాడు. "డిస్క్ ఐడీ అంత పొడుగుంటాది. నువ్వు డిస్క్ నుంచి దాని ఐడీ తీయనే లేదు. యాడా చూడలేదు. కడాకు ఏడు అని నీకెట్ల తెలిసె?"

ధనుంజయ కీబోర్డు మీది నుంచి చేతులు తీశాడు.

నేత్ర తిరిగింది. ఆ కళ్ళలో ఇప్పుడు క్లాస్‌మేట్ లేదు. ఎస్సై ఉంది.

"చెప్పు ధనూ."

ధనుంజయ తలుపు వైపు చూశాడు.

"చెప్పు!"

"నేనే... ఏడు తీసి ఒకటి పెట్టినా. నిన్న. వీడి పరువు పోవాలని. హనుమక్క సంగతి నాకు తెలీదు నేత్రా! ఒట్టు..."

ఢాం!

ఫోన్లో తుపాకీ మోత!

"బయ్యప్పా! బయ్యప్పా!!"

ఫోన్లో హారన్లే వినిపిస్తున్నాయి.

ఐదు సెకన్లు. ఫోన్ మీదికి వంగాడు ధనుంజయ.

పది సెకన్లు...

"పారిపోతాంటే నేనే టైరుకు కాల్చినా మేడమ్! ఎత్తుకుపోయిన ముగ్గురూ దొరికినారు. హనుమక్క బాగుండాది!"

వెనకాల నుంచి ఒక ముసలి గొంతు. ఏడుస్తోంది, దగ్గుతోంది, అయినా అడుగుతోంది.

"ఎవురమ్మా నన్ను కనిపెట్టింది? ఆయప్ప పేరేమి?"

నేత్ర ధనుంజయ వైపు చూసింది. ఒక్క క్షణం. చెయ్యి చాచి అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"గిరీశ్, అమ్మా," అంది ఫోన్లో. "ఆయప్ప పేరు గిరీశ్."

హనుమక్క బతికింది. అది చాలు. అది చాలని తనకు తెలుసు...

అయినా ధనుంజయ గుండెల్లో ఆ మంట మళ్ళీ భగ్గుమంది!